58 అంతస్తుల టవర్ల పక్కనే వందేళ్ల గండిపేట.. హైదరాబాద్ వరద లెక్క తేల్చిన మోక్షగుండం ఇంజినీర్ కథ

శ్రీశైలం: వానాకాలం వస్తే శ్రీశైలం డ్యామ్ దగ్గర ఒకటే సందడి. 12 గేట్లలో ఒక్కటి ఎత్తినా చాలు.. ఫోన్లన్నీ పైకి లేస్తాయి. నంద్యాల, ఆళ్లగడ్డ నుంచి కార్లు, బైకులు వరుస కడతాయి. తెల్లటి నురగతో దూకే ఆ కృష్ణమ్మ వీడియో సాయంత్రానికల్లా ప్రతి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. కానీ ఆ నీళ్లు అక్కడి నుంచి ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? కిందున్న నాగార్జున సాగర్‌కు వెళ్తాయి. అందులో కొంత భాగం పంపుల్లో, పైపుల్లో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాద్ చేరుతుంది. అక్కడ మళ్లీ మోటార్లు వేసి 30, 40, 50 అంతస్తుల పైకి ఎక్కిస్తారు. నగరంలో ఎవరో 45వ అంతస్తులో కుళాయి తిప్పితే వచ్చేది ఈ కృష్ణా నీరే కావచ్చు.

మరి కృష్ణా నీళ్లు రాకముందు హైదరాబాద్ ఏం తాగింది? అసలు అంతకంటే ముందు, ఒక్క రాత్రిలో మునిగి వేలమందిని పోగొట్టుకున్న ఆ ఊరు మళ్లీ ఎలా లేచి నిలబడింది? ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చే పేరు మన నల్లమల అవతలి పక్క ఊరి పేరే. మోక్షగుండం.

ఇంటిపేరు ఇక్కడిదే

నంద్యాల నుంచి గుంటూరు వైపు రైలెక్కితే గాజులపల్లె దాటాక అడవి మొదలవుతుంది. బొగద సొరంగం, దిగువమెట్ట, గిద్దలూరు.. ఆ తర్వాత కంభం. ఈ గిద్దలూరు, కంభం ప్రాంతంలోనే బేస్తవారిపేట దగ్గర ఉంది మోక్షగుండం అనే ఊరు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వీకులు అక్కడి వాళ్లే. కొన్ని తరాల కిందట మైసూరు సీమకు వలస వెళ్లారు. ఊరు వదిలినా ఊరి పేరు వదల్లేదు. ఇంటిపేరుగా వెంట తీసుకెళ్లారు. ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా వెంటే వెళ్లింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ ఊరికి దగ్గర్లోనే ఉంది కంభం చెరువు. రెండు కొండల మధ్య సందును కట్టతో మూసేసి, విజయనగర రాజుల కాలంలో కట్టిన పెద్ద చెరువు అది. సిమెంటు లేదు, యంత్రాల్లేవు. అయినా ఇన్ని వందల ఏళ్లుగా నిలబడే ఉంది. అలాంటి చెరువు పక్క నుంచి వెళ్లిన కుటుంబంలో దేశం మొత్తానికి ఆనకట్టల ఇంజినీర్ పుట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ వినడానికి బాగుంటుంది.

విశ్వేశ్వరయ్య పుట్టింది సెప్టెంబర్ 15న, ఇప్పటి కర్ణాటకలోని చిక్కబళ్లాపూర్ దగ్గర ముద్దేనహళ్లిలో. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. డబ్బున్న కుటుంబం కాదు. కుర్రాడిగా ఉండగానే తండ్రి పోయారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో డిగ్రీ, ఆ రోజుల్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ చదువు. ఆ తర్వాత పుణె వెళ్లి ఇంజినీరింగ్. 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజినీర్ ఉద్యోగం, మొదటి పోస్టింగ్ నాసిక్.

అక్కడి నుంచి ఆయన పని చేసిన చోట్లన్నీ నీటి చుట్టూనే తిరుగుతాయి. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సుక్కూరుకు సింధు నది నుంచి తాగునీళ్లు. దక్కనులో కాలువ నీళ్లు రైతులందరికీ వంతులవారీగా అందేలా బ్లాక్ పద్ధతి. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో తనంతట తాను తెరుచుకుని మూసుకునే గేట్లు. అంటే వరద ఒక మట్టం దాటగానే నీటి బరువుకే గేటు లేస్తుంది. వరద తగ్గితే మళ్లీ పడిపోతుంది. అర్ధరాత్రి వానలో మనిషి పరుగెత్తుకెళ్లి గేటు తిప్పాల్సిన పని లేదు. పాత ఆనకట్టను ముట్టుకోకుండానే ఎక్కువ నీళ్లు నిల్వ చేసుకోవచ్చు. ఆ డిజైన్‌కు పేటెంట్ కూడా వచ్చింది.

ఇంత చేసినా ఒక గోడ మాత్రం అడ్డంగానే ఉంది. బొంబాయి సర్వీసులో చీఫ్ ఇంజినీర్ కుర్చీ తెల్లవాళ్లదే. భారతీయుడికి దక్కే రోజులు కావవి. తనకంటే సీనియర్లయిన చాలామందిని దాటుకుంటూ పైకి వచ్చిన మనిషికి ఇక పైకి దారి లేదని అర్థమైంది. 1908లో ఉద్యోగం నుంచి తప్పుకుని యూరప్ టూర్‌కు వెళ్లిపోయారు. వయసు అప్పటికి యాభైకి దగ్గర పడుతోంది. కథ అయిపోయిందనే అనుకుంటారు ఎవరైనా.

1908 సెప్టెంబర్ 28

అదే ఏడాది హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూడాలి. మూసీ నది వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో పుడుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు పిల్ల కాలువలా పారే నది. సెప్టెంబర్ చివర్లో కుండపోత మొదలైంది. 28న తెల్లారేసరికి నది ఊళ్లోకి వచ్చేసింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన.. మూడూ దెబ్బతిన్నాయి. 1578లో కట్టిన పురానాపూల్ ఒక్కటే గట్టిగా నిలబడింది. నది ఒడ్డున ఉన్న ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రిలో ఉంది. చెట్టు దొరకనివాళ్ల సంగతి వేరు. చనిపోయినవాళ్లు 15 వేల మంది వరకు ఉంటారని అంచనా. ఇళ్లు పోయినవాళ్లకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన భవనాల తలుపులు తెరిచి ఆశ్రయం ఇచ్చారు.

ఊరు పోయింది సరే, మళ్లీ కట్టుకోవచ్చు. కానీ మళ్లీ ఇలాగే వస్తే? నిజాం ప్రభుత్వానికి నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇది. ఇటలీలో తిరుగుతున్న విశ్వేశ్వరయ్యకు కబురు అక్కడికే వెళ్లింది. ఆయన వెంటనే బ్యాగు సర్దేసుకుని పరుగెత్తుకు రాలేదు. టూర్ పూర్తి చేసుకుని, 1909 ఏప్రిల్ 15న హైదరాబాద్‌లో పనిలో దిగారు.

వచ్చాక ఆయన చేసిన మొదటి పని గోడలు కట్టడం కాదు, లెక్కలు తీయడం. మూసీ పరీవాహక ప్రాంతంలో ఎక్కడెక్కడ ఎంత వాన పడింది, ఎన్ని చెరువులున్నాయి, ఏ చెరువు కట్ట ఎప్పుడు తెగింది.. ఇవన్నీ తవ్వి తీశారు. అక్కడ తేలిన సంగతి ఏంటంటే, నదికి ఎగువన 788 చిన్న చెరువులున్నాయి. వాటిలో 221 తెగాయి. ఇది అర్థం చేసుకోవడం ముఖ్యం. చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పైచెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అదీ తెగుతుంది. రెండింటి నీళ్లూ కలిసి మూడోదాని మీద పడతాయి. అలా వాన నీళ్లకు చెరువుల నీళ్లు తోడై గంటల వ్యవధిలో ఊరి మీద విరుచుకుపడ్డాయి. నది ఉధృతి 4 లక్షల క్యూసెక్కులు దాటిందని ఆయన లెక్క కట్టారు. ఇప్పుడు మనం శ్రీశైలం దగ్గర వినే అంకె అది. కృష్ణా లాంటి మహానదికి వచ్చే వరద, పిల్ల మూసీకి వచ్చిందన్నమాట.

మరి పరిష్కారం? నది పొడవునా పెద్ద గోడలు కట్టేయమన్నవాళ్లున్నారు. ఆయన దాన్ని ఒప్పుకోలేదు. అంత నీటిని ఊళ్లోకి రానిచ్చాక ఏ గోడా ఆపలేదు, ఊరికి రాకముందే ఆపాలి అన్నది ఆయన లెక్క. అందుకే ఊరికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి.. రెండు జలాశయాలు కట్టాలన్నారు. వరద వచ్చినప్పుడు పట్టి ఉంచుకుని, ఊరు తట్టుకోగలిగినంత మేరకే కిందికి వదలాలి. దాంతోపాటు ఊళ్లో నది ఒడ్లను ఎత్తు చేసి, పక్కనే రోడ్లు, పార్కులు వేయాలి. మురుగునీటికి భూగర్భ డ్రైనేజీ కట్టాలి. 1909 అక్టోబర్‌కల్లా రిపోర్టు ప్రభుత్వం చేతిలో పెట్టారు. వచ్చిన ఆరు నెలలకే!

నవంబర్‌లో మైసూరు పిలిచింది. చీఫ్ ఇంజినీర్ పోస్టు. బొంబాయిలో దక్కని కుర్చీ అది. వెళ్లిపోయారు.

అప్పటి స్కైలైన్

తర్వాత జరిగింది వేరేవాళ్ల చేతుల మీదుగా జరిగింది. మహబూబ్ అలీ ఖాన్ 1911లో చనిపోయారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. మూసీ మీది జలాశయం 1920లో పూర్తయింది. దానికి నిజాం పేరే, ఉస్మాన్ సాగర్. జనం నోట్లో మాత్రం అది గండిపేట చెరువు. 1927లో ఈసీ మీద రెండోది వచ్చింది. నిజాం పెద్ద కొడుకు పేరుతో హిమాయత్ సాగర్. ఉస్మాన్ సాగర్‌కు 15 గేట్లు, హిమాయత్ సాగర్‌కు 17. రెండింటిలో కలిపి 7 టీఎంసీలకు కాస్త తక్కువ నీళ్లు పడతాయి. శ్రీశైలంలో పట్టే 200 టీఎంసీలకు పైగా నీటితో పోలిస్తే గుక్కెడే. కానీ ఆ గుక్కెడే దశాబ్దాల పాటు ఒక మహానగరం దాహం తీర్చింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలి పోలేడని పాతబస్తీలో ఇప్పటికీ అంటుంటారు.

వరద భయం తగ్గాక నది ఒడ్డుకు ధైర్యం వచ్చింది. ఊరు మునిగిన చోటే పెద్ద పెద్ద భవనాలు లేచాయి. ఎర్రరాతి హైకోర్టు 1920లో, ఆ తర్వాత ఎదురు ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. అంతవరకు హైదరాబాద్ ఆకాశంలో కనిపించేది 1591 నాటి చార్మినార్, చుట్టూ మసీదుల మినార్లు. ఇప్పుడు వాటి పక్కన నది ఒడ్డున గుమ్మటాలు చేరాయి. అప్పటి ఫొటోలు చూస్తే తెలుస్తుంది, హైదరాబాద్‌కు మొదటి మోడ్రన్ స్కైలైన్ అదే. అది నిలబడింది రాళ్ల మీద కాదు, ఎగువన ఖాళీగా ఉంచిన రెండు జలాశయాల మీద.

విశ్వేశ్వరయ్య తర్వాత కూడా హైదరాబాద్ వచ్చారు. 1920లలో డ్రైనేజీ పథకం కోసం పిలిస్తే వచ్చి సలహాలు ఇచ్చారు. ఆ డ్రైనేజీ అప్పటి 5 లక్షల లోపు జనాభాకు సరిపడేలా తయారైంది. ఇప్పుడు నగరం జనాభా కోటి దగ్గర. పాతబస్తీలో వానపడితే మ్యాన్‌హోల్స్ ఎందుకు పొంగుతాయో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు.

మైసూరులో మంచీ, మరో వైపూ

మైసూరు కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1911లో కావేరి మీద కృష్ణరాజ సాగర్ పని మొదలైంది. 1912లో ఆయన దివాన్ అయ్యారు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు యూనివర్సిటీ. భద్రావతి ఇనుప కర్మాగారం. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

కానీ ఈ పెద్దాయన జీవితంలో ఇంజినీర్స్ డే ప్రసంగాల్లో ఎవరూ చెప్పని ముక్క కూడా ఉంది. మైసూరు సర్కారు ఉద్యోగాలన్నీ బ్రాహ్మణుల చేతుల్లోనే ఉన్నాయని, తమకూ వాటా కావాలని వెనుకబడిన వర్గాలు ఉద్యమించాయి. మహారాజా నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ ఆ మాట విని, 1918లో మిల్లర్ కమిటీ వేశారు. విశ్వేశ్వరయ్యకు అది నచ్చలేదు. చదువు, ప్రతిభ ఆధారంగానే ఉద్యోగాలు ఇవ్వాలన్నది ఆయన పట్టు. చివరికి దివాన్ పదవి వదిలేశారు. బొంబాయిలో పుట్టుక చూసి తనకు చీఫ్ ఇంజినీర్ కుర్చీ ఇవ్వలేదని తెలిసిన మనిషి, పుట్టుక కారణంగానే బడి గడప తొక్కలేకపోయినవాళ్ల బాధను మాత్రం అదే కంటితో చూడలేకపోయారు. నీటి లెక్కలో ఎగువను, దిగువను కలిపి చూసిన చూపు ఇక్కడ పనిచేయలేదు.

దివాన్‌గిరీ పోయాక ఇంకో 40 ఏళ్లకు పైగా పనిచేస్తూనే ఉన్నారు. 1934లో దేశానికి ప్రణాళికబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలంటూ పుస్తకం రాశారు. దేశంలో ప్రణాళికా సంఘం రావడానికి చాలా ముందు మాట ఇది. తొంభై ఏళ్ల వయసులో బిహార్‌లో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో చూడమంటే అక్కడికీ వెళ్లారు. 1955లో భారతరత్న.

ఆయన మీద సోషల్ మీడియాలో తిరిగే కథలు కూడా బోలెడు. రైల్లో కూర్చుని శబ్దం విని పట్టా విరిగిందని చెప్పి చైన్ లాగారని, సొంత పనికి సొంత కొవ్వొత్తి వెలిగించుకునేవారని. అవి ఎంతవరకు నిజమో పక్కన పెడదాం. ఆ కథలు లేకపోయినా ఆయనకు వచ్చే లోటేమీ లేదు. గండిపేట కట్ట ఎక్కి చూస్తే సరిపోతుంది.

కట్ట మీద నుంచి ఇప్పుడు ఏం కనిపిస్తోంది?

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు అది పెద్ద వింత. 10 అంతస్తులు! ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు దాని ముందు ఫొటోలు దిగేవాళ్లు. 2006లో బిల్డింగ్ రూల్స్ మారాయి. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలి అనే పరిమితి హైదరాబాద్‌లో ఎత్తేశారు. ముంబై, చెన్నై, బెంగళూరుల్లో అలాంటి పరిమితి ఉంది. ఇక్కడ రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఫైర్, ఎయిర్‌పోర్ట్ అనుమతులు ఉంటే చాలు, పైకి ఎంతైనా పోవచ్చు. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం భూములు వేలం వేస్తే ఎకరం 100.75 కోట్లు పలికింది. అంత పెట్టి కొన్న నేల మీద నాలుగంతస్తులు ఎవరు కడతారు? అందుకే 40, 50, 58 అంతస్తులు. చార్మినార్ మినార్‌ను నాలుగింతలు చేసినా ఆ టవర్ల మెడ దగ్గరికే వస్తుంది.

ఈ టవర్లన్నీ లేస్తున్నది ఎక్కడో కాదు, సరిగ్గా గండిపేట పక్కనే. లేక్ వ్యూ ఫ్లాట్ అని బ్రోచర్లో రాసి ఎక్కువ రేటు చెప్పే ఆ లేక్.. విశ్వేశ్వరయ్య వరద కోసం గీసిన గీత.

జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలు, ఫ్యాక్టరీలు రాకుండా 1996లో జీవో 111 తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ కొత్త జీవో వచ్చింది. కారణం కూడా చెప్పారు. నగరానికి ఇప్పుడు నీళ్లు కృష్ణా, గోదావరి నుంచి వస్తున్నాయి, ఈ రెండు చెరువుల మీద ఆధారపడటం లేదు కదా అని. ఆ 84 గ్రామాల రైతులదీ న్యాయమైన బాధే. రోడ్డుకు అటు పక్క ఎకరం కోట్లు పలుకుతుంటే ఇటు పక్క పాతికేళ్లుగా ఏమీ చేసుకోలేని పరిస్థితి. ఆడపిల్ల పెళ్లికి పొలం అమ్ముదామన్నా సరైన ధర రాలేదు.

అయితే వాదన అంతా తాగునీటి చుట్టూనే తిరిగింది. అసలు ఆ జలాశయాలు పుట్టింది తాగునీటి కోసం కాదు కదా. వరద కోసం. మట్టి నేల మీద వాన పడితే కొంత ఇంకుతుంది, కొంత నిదానంగా చెరువుకు చేరుతుంది. అదే నేల సిమెంటు, తారు అయితే పడిన చుక్క పడినట్టే పరుగెత్తుతుంది. అదే వానకు జలాశయం ఇంకా తొందరగా నిండుతుంది. గేట్లు ఇంకా తొందరగా ఎత్తాలి. కిందున్న వాళ్లకు సామాన్లు సర్దుకునే టైమ్ తగ్గుతుంది. పెద్ద చదువులేమీ అక్కర్లేని లెక్క ఇది.

2025 సెప్టెంబర్ చివర్లో అదే కనిపించింది. 1908 వరద వచ్చిన రోజులే మళ్లీ. జంట జలాశయాల గేట్లెత్తారు. మూసీ మధ్యలో ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి రాత్రికి రాత్రి నీళ్లు వచ్చేశాయి. దసరాకు ఊళ్లకు బయల్దేరిన జనం ప్లాట్‌ఫాంల మీద చిక్కుకుపోయారు. మూసీ ఒడ్డు బస్తీల్లో జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారు. కోకాపేట టవర్లలో ఎవరి ఇంటికీ నీళ్లు రాలేదు. చాదర్‌ఘాట్‌లో వచ్చాయి.

కర్నూలు, నంద్యాల వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 2009 అక్టోబర్ 2న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టం దాటి నీళ్లు 896 అడుగుల దాకా లేచాయి. కర్నూలు నగరం మునిగింది. ఎంత వరద రావచ్చు అని ఇంజినీర్లు వేసుకున్న లెక్కను నది దాటేసిన రోజది. ఆ రోజు డ్యామ్ నిలబడింది కాబట్టి సరిపోయింది.

విశ్వేశ్వరయ్య 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. అప్పటికి వందేళ్లు నిండాయి. రెండేళ్ల ముందే ఆయన బతికుండగానే శతజయంతి పోస్టల్ స్టాంపు విడుదల చేశారు. సమాధి పుట్టిన ఊరు ముద్దేనహళ్లిలో ఉంది. హైదరాబాద్‌లో ఖైరతాబాద్ చౌరస్తాలో, ఇంజినీర్ల సంస్థ భవనం దగ్గర తలపాగాతో ఆయన విగ్రహం ఉంటుంది. ఫ్లైఓవర్ మీద వెళ్లేవాళ్లకు సరిగా కనిపించదు. ఆయన లెక్కతో కట్టిన జలాశయాల్లో ఒకదానికి నిజాం పేరు, ఇంకోదానికి నిజాం కొడుకు పేరు. ఇక మోక్షగుండం పేరు చూడాలంటే బేస్తవారిపేట దగ్గర రోడ్డు పక్కన ఊరి బోర్డు మీద చూడాల్సిందే.